నాన్న బండిలో షార్టు: ఎలుక తప్పేం లేదు

మా నాన్న బండి 2004 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. నాకన్నా రెండేళ్ళు పెద్దది. సింధనూరు తాలూకాలో మా క్యాంపు నుంచి పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం యూరియా బస్తా, రాత్రి కాలవ నీళ్ళ వంతు ఉంటే టార్చిలైటుతో నాన్న, అన్నీ దాని మీదే. సోమవారం తెల్లారి నన్ను బస్టాండులో దింపేదీ అదే. పోయిన దసరా సెలవుల్లో దానికి షార్టు పట్టింది. మూడు ఫ్యూజులు పోయాయి, నాన్న మోకాలు చెక్కుకుపోయింది, పది లీటర్ల పాలు నేలపాలయ్యాయి. చివరికి షార్టు దొరికింది. పట్టుకుంది నేనే.

గోడపత్రికకి మీకు బాగా తెలిసినదేదైనా రాయండమ్మా అని మేడమ్ అంటే మా బెంచీలో అందరూ కవితలు మొదలుపెట్టారు. నాకు కవిత రాదు. ఇదొచ్చు. ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట జరిగింది చెప్తాను. ఒకరోజు నాన్న సింధనూరు రోడ్డెక్కాక హారన్ కొడితే మోగలేదు. ఇండికేటర్లు లేవు, న్యూట్రల్ లైటు లేదు. ఇంజను మాత్రం మామూలుగానే నడుస్తోంది, హెడ్‌లైటు వెలుగుతోంది, వెనక ఎర్రలైటు కూడా ఉంది. ఇంటికొచ్చి సైడు కవరు తీసి చూస్తే ఫ్యూజు పోయింది. కొత్తది వేశాడు. తాళం తిప్పి హారన్ కొట్టాడు, మోగింది. రెండు ఇండికేటర్లూ వేశాడు, వెలిగాయి. సరే బాగైంది అనుకున్నాం. మర్నాడు మళ్ళీ అదే కథ. ఫ్యూజు ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో తెలీదు, ఎందుకంటే ఫ్యూజు పోయేటప్పుడు చప్పుడు చెయ్యదు. మళ్ళీ హారన్ నొక్కినప్పుడే తెలుస్తుంది.

నాన్న ఏమన్నాడంటే, "బండి నడుస్తుంది కదా, వడ్లు కోశాక చూద్దాంలే." ఇంజను నడుస్తుంటే మగవాళ్ళకి మిగతావేవీ రిపేర్ల కింద లెక్కలోకి రావు. మూడో రోజు సాయంత్రం క్యాంపు గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు ముందు నాన్న బ్రేకు వేశాడు. వెనక బ్రేకు లైటు వెలగలేదు. వెనక వస్తున్న ఆటో అతనికి నాన్న ఆగుతున్నాడని తెలీలేదు. గట్టిగా కాదు గానీ, తగిలింది. ఆ పది లీటర్లు అక్కడే పోయాయి.

వెనక ఎర్రలైటు ఉందన్నావు కదా, బ్రేకు లైటు ఎందుకు లేదు అని మీరు అడగొచ్చు. మా మామ్మ కూడా అదే అడిగింది. పాత స్ప్లెండరులో కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఇంజను తిరుగుతుంటే లోపల మాగ్నెట్ కరెంటు పుట్టిస్తుంది. అందులో కొంత నేరుగా స్పార్కు ప్లగ్గుకి, హెడ్‌లైటుకి, వెనక మామూలు ఎర్రలైటుకి పోతుంది. ఇంకొంత బ్యాటరీలో చేరుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి హారన్, ఇండికేటర్లు, న్యూట్రల్ లైటు, బ్రేకు లైటు నడుస్తాయి. వెనక ఉండేది ఒకటే బల్బు, కానీ లోపల రెండు తీగలు ఉంటాయి. ఒకటి మాగ్నెట్ తీగ, ఇంకోటి బ్యాటరీ తీగ. కాబట్టి ఫ్యూజు పోతే మొదటిది వెలుగుతూనే ఉంటుంది, రెండోది చచ్చిపోతుంది. వెనక్కి వెళ్ళి చూసినవాడికి లైటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. (కొత్త బళ్ళలో సంగతి వేరు. 2020 నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి కూడా బ్యాటరీ కరెంటు కావాలి, మెయిన్ ఫ్యూజు పోతే బండే ఆగిపోతుంది.)

ఇక షార్టు. పుస్తకాల్లో దీన్ని లఘువలయం అంటారు. ఛందస్సు క్లాసులో లఘువు అంటే పొట్టి అక్షరం అని నేర్చుకున్నాం కదా, ఇక్కడా అంతే. కరెంటు పోవాల్సిన పొడుగు దారి వదిలేసి, దగ్గరి దారి పట్టడం. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచి పోయి, పని చేసి, బండి బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాలి. బల్బు దగ్గర దానికి అడ్డు ఉంటుంది, అందుకే కొంచెమే పోతుంది. దారిలో ఎక్కడైనా వైరు తొడుగు చిరిగి, లోపలి రాగి బాడీకి తగిలితే, బల్బు దాకా వెళ్ళే అవసరమే లేదు, అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. అడ్డు లేదు కాబట్టి విపరీతంగా పారుతుంది.

మాది తుంగభద్ర ఎడమ కాలవ కింద ఊరు కాబట్టి నాకు అర్థమైంది ఇలా: ఇది కాలవకి గండి పడడం లాంటిది. గండి దగ్గర నీళ్ళు ఉధృతంగా పోతుంటాయి, చివరి భూములకి మాత్రం చుక్క రాదు. మాన్వి వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఫ్యూజు ఏం చేస్తుందంటే, గండి పడిందని తెలియగానే పైన తూము దించేస్తుంది. పోలిక ఇంతవరకే. నీళ్ళు తిరిగి డ్యాముకి రావు, కరెంటు మాత్రం బయల్దేరిన చోటికి రావాల్సిందే.

మా బండి ఫ్యూజు గాజుగొట్టంలో సన్నటి తీగ, 7 ఆంపియర్లది. అంతకన్నా బాగా ఎక్కువ పారితే తీగ వేడెక్కి కరిగి తెగిపోతుంది. బండిలోని వైర్లన్నిటికన్నా అదే బలహీనంగా ఉండాలి. అలా ఉండడమే దాని ఉద్యోగం. ఐదు రూపాయల ఫ్యూజు పోతోందంటే ఎక్కడో గండి ఉందని కబురు. ఆ కబురు వినకుండా మా బాబాయి ఏం చేశాడో చెప్తాను.

దెబ్బ తగిలిన మర్నాడు దగ్గర్లోని మెకానిక్కు బండి చూసి, సీటు ఎత్తి, "ఎలుక వైర్లు కొరికేసింది, వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలి, రెండున్నర వేలు" అన్నాడు. సీటు కింద నిజంగానే ఎలుక గూడు ఉంది. వడ్ల పొట్టు, గోనె పీచు, ఒక బిస్కట్ కాగితం. ఒక పచ్చ వైరు మీద పళ్ళ గాట్లు కూడా ఉన్నాయి. మా అమ్మది లింగసుగూరు వైపు, కన్నడం. "ఇలి కడదైతి నోడ్రీ" అని ఆమె కూడా తీర్పు చెప్పేసింది. నాన్న బండి అమ్మేద్దామన్నాడు. రెండున్నర వేలు ఎందుకు అని బాబాయి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చించి, పోయిన ఫ్యూజు చుట్టూ చుట్టి పెట్టేశాడు. హారన్ మోగింది. బాబాయి హీరో అయిపోయాడు, ఒక పావుగంట సేపు.

తర్వాత అతనే బండి మీద కూర్చుని, స్టార్టింగులో ఉంచి, కాలు బ్రేకు మీద పెట్టి పక్కింటాయనతో మాట్లాడుతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. సైడు కవరు సందులోంచి పొగ. వెండి కాగితం కరగలేదు కదా, కాబట్టి ఇప్పుడు వైరే ఫ్యూజు అయింది. ఆ వైర్ల కట్ట ఎక్కడి నుంచి పోతుందో తెలుసా? పెట్రోలు ట్యాంకు కింద నుంచి. నాకు ఇది తెలీదు, అదృష్టం కొద్దీ తాళం తీసేయాలన్న బుద్ధి మాత్రం వచ్చింది. దయచేసి మీ ఇళ్ళలో ఎవరైనా ఫ్యూజుకి బదులు రాగి తీగ గానీ, కాగితం గానీ పెట్టి ఉంటే ఈరోజే తీసేయించండి. ఇంటి మెయిన్ బోర్డులోనైనా ఇదే మాట.

సాయంత్రం సోదరమావకి ఫోన్ చేశాను. (అమ్మ తమ్ముణ్ణి మేం కన్నడంలోనే పిలుస్తాం, మామయ్య అంటే ఆయనకి కోపం.) ఆయన పంపుసెట్ల మోటార్ రివైండింగ్ చేస్తాడు. అంతా విని, ఆయన అడిగింది ఒక్కటే: "పుట్టీ, ఫ్యూజు ఏం చేసినప్పుడు పోతోంది?" నాకు తెలీదన్నాను. "మరి అది తెలీకుండా ఎలుకని ఎట్లా పట్టుకున్నారే?" అన్నాడు. తర్వాత ఆయన చెప్పిన ఉపాయం వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది, అంత సులువు.

ఫ్యూజు తీసేసి, దాని రెండు కొసల మధ్య ఒక 12 వోల్టుల బల్బు పెట్టాలి. ఇండికేటర్ బల్బు చాలు, 10 వాట్లది. ఇప్పుడు బ్యాటరీ నుంచి పోయే ప్రతి చుక్క కరెంటూ ఈ బల్బులోంచే పోవాలి. షార్టు ఉంటే ఏమవుతుంది? 10ని 12తో భాగిస్తే 0.8 ఆంపియరు చిల్లర. బల్బు అడ్డంగా ఉన్నంత సేపూ అంతకు మించి పారదు. ఏదీ కాలదు, పొగ రాదు, ఫ్యూజులు వృథా కావు. షార్టు ఉన్నంత సేపు బల్బు నిండుగా వెలుగుతుంది, షార్టు విడిపోగానే ఆరిపోతుంది. అంటే కళ్ళకి కనపడని గండి పడిందో లేదో బల్బు చెప్తూ ఉంటుంది, మనం తాపీగా వెతుక్కోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బల్బు వెలిగిన ప్రతిసారీ షార్టు అనుకోకూడదు. హారనో, ఇండికేటరో వేస్తే వాటి కరెంటు కూడా దీనిలోంచే పోతుంది కాబట్టి వెలుగుతుంది. ఉదాహరణకి బ్రేకు నొక్కితే, మా బ్రేకు బల్బు కూడా 10 వాట్లదే, రెండు ఒకేలాంటి బల్బులు వరసగా ఉన్నట్టు. 12 వోల్టులు చెరి ఆరు పంచుకుంటాయి, రెండూ మసకగా వెలగాలి. రెండూ మసకగా ఉంటే మంచిదే. మన బల్బు ఒక్కటే నిండుగా వెలిగి, అవతలిది వెలగకపోతే, అప్పుడు గండి.

మర్నాడు పొద్దున బండి గేదెల పాక పక్కన స్టాండు వేసి మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పాను. ఎప్పుడైనా మైనసే ముందు. ప్లస్ విప్పుతుంటే స్పానర్ జారి బాడీకి తగిలితే అక్కడే ఒక పెద్ద షార్టు. మైనస్ ముందే తీసేస్తే ఆ భయం లేదు. ఫ్యూజు హోల్డరుకి రెండు వైరు ముక్కలు, వాటికి బల్బు కట్టి, మైనస్ మళ్ళీ బిగించాను. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, "బీఏలో ఇది కూడా చెప్తున్నారా?" అంది. లేదు పిన్నీ, ఇది ఎక్స్‌ట్రా అన్నాను.

తాళం తిప్పాను. న్యూట్రల్ లైటు వచ్చింది, నా బల్బు ఆరే ఉంది. అంటే తాళం దాకా, అక్కడి నుంచి హారన్, ఇండికేటర్ల దాకా పోయే నల్ల వైరు మంచిదే. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పాను. మెడ దగ్గర వైర్లు నలిగి షార్టు అవడం చాలా బళ్ళలో ఉంటుందట. ఏం లేదు. సీటు కింద ఎలుక కొరికిన చోట వేలితో కదిపాను. ఏం లేదు. మా తమ్ముణ్ణి సీటు మీద ఎగరమన్నాను, సంతోషంగా ఎగిరాడు. ఏం లేదు. హారన్, వెలిగి ఆరింది, సరే. కుడి ఇండికేటర్, ఎడమ ఇండికేటర్, సరే.

తర్వాత కాలితో బ్రేకు నొక్కాను. బల్బు కళ్ళు జిగేలుమనేలా వెలిగింది. తమ్ముణ్ణి వెనక్కి పంపి చూడమన్నాను. "అక్కా, వెనక ఏం వెలగలా" అన్నాడు. చేతి బ్రేకు నొక్కినా అదే.

అప్పుడు మొత్తం అర్థమైంది. ఇంట్లో స్టాండు మీద ఉన్నప్పుడు అందరూ హారన్ కొట్టారు, ఇండికేటర్లు వేశారు. నిలబడి ఉన్న బండికి ఎవరూ బ్రేకు వేయలేదు, ఎందుకు వేస్తారు? బయల్దేరాక క్యాంపు గేటు స్పీడ్ బ్రేకరు దగ్గర మొదటిసారి బ్రేకు నొక్కగానే ఫ్యూజు పోయేది. గతుకులకి పోతోందని మేం అనుకున్నాం. గతుకు కాదు, గతుకు దగ్గర నాన్న కాలు. బాబాయి పొగ కథ కూడా ఇదే, బ్రేకు మీద కాలు పెట్టుకునే కదా కబుర్లు చెప్పాడు. బ్రేకు వేస్తున్నానని వెనకవాళ్ళకి చెప్పే లైటుని ఆ బ్రేకే చంపేస్తోందన్నమాట, రోజూ.

ఇక ఎక్కడ అన్నది మిగిలింది. హోండా పద్ధతి బళ్ళలో బ్రేకు స్విచ్చు నుంచి వెనక బల్బుకి పోయేది పచ్చ మీద పసుపు గీత ఉన్న వైరు. సీటు కింద దానికి ఒక జాయింటు ఉంటుంది, లాగితే ఊడుతుంది. ఊడదీసి మళ్ళీ బ్రేకు నొక్కాను. బల్బు వెలగలేదు. అంటే స్విచ్చు నుంచి జాయింటు దాకా మంచిదే, తప్పు జాయింటు నుంచి వెనక బల్బు మధ్యలో ఉంది. ఎంత ఉంటుంది అది, రెండు జానలు. రెండున్నర వేల కిట్టు కాస్తా రెండు జానల వైరుకి దిగింది. ఇలా సగం విడదీసి ఏ సగంలో ఉందో చూసుకుంటూ పోతే ఎంత పెద్ద వైరింగు అయినా నాలుగైదు సార్లలో తేలిపోతుంది.

ఆ వైరు వెనక మడ్‌గార్డులో ఒక రంధ్రంలోంచి కిందికి దిగుతుంది. పాల క్యాన్ల కోసం వెనక క్యారియర్ వెల్డింగు చేయించినప్పుడు ఆ రంధ్రానికి ఉండే రబ్బరు వాషరు ఎక్కడో పడిపోయింది. రేకు అంచు మీద వైరు రాసుకుని రాసుకుని, ఎండకి తొడుగు గట్టిపడి పెళుసై, ఒకచోట గోరంత చీలింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది, దాని చుట్టూ నల్లగా కాలిన మరక. మన రాయచూరు ఎండల్లో ఇరవై ఏళ్ళు బయట నిలబడిన ప్లాస్టిక్ అంతకన్నా ఏం ఓర్చుకుంటుంది చెప్పండి.

మరి ఎలుక సంగతి? అది కొరికింది పచ్చ వైరు. హోండా బళ్ళలో పచ్చ అంటే ఎర్తు, అంటే ఆ వైరు ముందే బాడీకి కలిపి ఉంటుంది. దాని తొడుగు పోయి బాడీకి తగిలినా కొత్తగా జరిగేదేం లేదు, తెగిపోతే తప్ప. రంగుల విషయంలో నేనూ పొరపడ్డాను. ఇంట్లో చాలా వస్తువులకి నలుపు మైనస్ కదా, అలాగే అనుకుని నల్ల వైరుని పట్టించుకోలేదు మొదట. ఈ బళ్ళలో నలుపే తాళం తిప్పగానే కరెంటు వచ్చే వైరు. ఎరుపు బ్యాటరీ ప్లస్, లేత పచ్చ హారన్, నారింజ ఎడమ ఇండికేటరు, లేత నీలం కుడి ఇండికేటరు. వేరే కంపెనీల్లో రంగులు వేరుగా ఉంటాయి, కాబట్టి రంగుని కాదు, బల్బునే నమ్మాలి. ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస అనుమానం ఉన్న వైరుకి ఆనిస్తే, నిండుగా వెలిగితే అది ఎర్తుకి తగులుతున్నట్టు.

బాగుచేయడం పది నిమిషాలు కూడా కాలేదు. చీలిన చోట కత్తిరించి, చిలుం గీకి, మెలిపెట్టి కలిపాను. సోదరమావ ఆదివారం వచ్చినప్పుడు అది చూసి, మెలి పనికిరాదని సోల్డరింగ్ పెట్టి, మోటార్లకి వాడే స్లీవు తొడిగాడు. వెనక పక్కనే పోయే గోధుమరంగు వైరు, అంటే మామూలు ఎర్రలైటుది, దాని తొడుగు కూడా సగం అరిగి ఉంది, దానికీ తొడిగాడు. రబ్బరు వాషరుకి బదులు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి రంధ్రంలో పెట్టాం. బాబాయి పొగబెట్టిన వైరు మెత్తబడి పక్కదానికి అతుక్కుపోయింది, అది మాత్రం కొత్తది లాగాల్సి వచ్చింది. మొత్తం ఖర్చు నూరు రూపాయలు దాటలేదు. అందులో నలభై బాబాయి దగ్గర వసూలు చేశాను.

చివర్న బల్బు ఇంకా ఫ్యూజు జాగాలో ఉండగానే మళ్ళీ బ్రేకు నొక్కాను. నా బల్బు మసకగా, వెనక బల్బు మసకగా, రెండూ ఒకేలా వెలిగాయి. తర్వాత 7 ఆంపియర్ల ఫ్యూజే వేశాం. షాపులో 15ది ఇస్తా, గట్టిగా ఉంటుంది అన్నాడు, వద్దన్నాను. ఇంకో రెండు 7వి టేపుతో సైడు కవరు లోపల అంటించి ఉన్నాయి. అప్పటి నుంచి వాటి అవసరం రాలేదు.

నాన్న బండి అమ్మే మాట ఎత్తడం లేదు. రాత్రి కాలవకి పోయే ముందు బండిని వెనక్కి తిప్పి పాక గోడకి ఎదురుగా పెట్టి, బ్రేకు నొక్కి, గోడ మీద ఎర్రగా పడిందో లేదో చూసుకుని పోతున్నాడు. మామ్మ కూడా మంచం మీద నుంచే చూసి, "పడిందిరా, పో" అంటుంది.